అయిదు వాట్ల గొంతు – ఆరు మీటర్ల హ్యామ్ రేడియోలో తొలి పాఠం



మన వసతిగృహ వార్షికోత్సవ సంచికలో ఏటా కవితలు, కెరీర్ సలహాలు, జనరల్ నాలెడ్జి వస్తుంటాయి. ఈసారి నేను ఒక పాఠం రాయాలనుకున్నాను. ఇది సిలబస్‌లో లేని పాఠమే కాని, ఇందులోని లెక్కలన్నీ మీ సిలబస్‌లోవే.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. నేను అప్పుడు ఏడో తరగతి, హాస్టల్లో ఉన్నాను. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు పడిపోయాయి. పోర్టులో కళాసీగా పనిచేసే మా నాన్న మర్నాడు నడిచి వచ్చి నన్ను చూసి వెళ్లారు. అచ్యుతాపురం అవతల ఊళ్లో ఉన్న అమ్మ సంగతి మాత్రం నాలుగు రోజుల దాకా మా ఇద్దరికీ తెలియలేదు. మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. అప్పటికి అంగారకుడి చుట్టూ మన మంగళయాన్ తిరుగుతోంది. అక్కడి నుంచి వార్త వస్తోంది గాని, పక్క మండలం నుంచి రావడం లేదు!

ఆ 40 కిలోమీటర్లు దాటడానికి ఎంత రేడియో కావాలి? ఈ ప్రశ్నకు జవాబు నాకు ఎం.ఎస్సీ.లో చేరాక దొరికింది. చాలా తక్కువ శక్తి చాలు. కాని ముందే నేర్చుకున్న మనిషి ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అంతే.

హ్యామ్ రేడియో అంటే ఏమిటి?

లాభాపేక్ష లేకుండా, స్వంత ఆసక్తితో, ప్రభుత్వ లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునేవారిని హ్యామ్‌లు అంటారు. అధికారిక నామం అమెచ్యూర్ సర్వీసు. ప్రతి హ్యామ్‌కు ప్రపంచంలో మరెవరికీ లేని పిలుపు పేరు ఉంటుంది. దాన్నే కాల్‌సైన్ అంటారు. మన దేశపు హ్యామ్‌ల కాల్‌సైన్‌లు మామూలుగా వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ.

ఇది కేవలం కాలక్షేపం కాదనడానికి ఒక్క ఉదాహరణ చెబుతాను. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది. ప్రపంచంలోని హ్యామ్‌లతో సరదాగా మాట్లాడటానికి వెళ్లారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. వెంటనే ఆ సరదా రేడియోనే సహాయక చర్యల రేడియోగా మారింది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి చేరాయి. యంత్రాలు అక్కడ ఉన్నాయి, వాటిని వాడటం వచ్చిన మనుషులూ అక్కడే ఉన్నారు. ఆపద వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు.

ఆరు మీటర్లు అంటే?

ఇది యాంటెన్నా పొడవు కాదు, తరంగదైర్ఘ్యం. పదో తరగతి సూత్రమే: వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. కాంతి వేగాన్ని సెకనుకు 30 కోట్ల మీటర్లుగా తీసుకుంటే సులభమైన లెక్క వస్తుంది. 300ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మీటర్లు.

• ఆకాశవాణి విశాఖపట్నం మీడియం వేవ్‌గా మన పెద్దలు విన్న 927 కిలోహెర్ట్జ్: సుమారు 324 మీటర్లు.
• ఎఫ్.ఎం. 102 మెగాహెర్ట్జ్: సుమారు 3 మీటర్లు.
• ఓడలు పిలుపుకు వాడే మెరైన్ చానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్: సుమారు 1.9 మీటర్లు.
• 50 మెగాహెర్ట్జ్: సరిగ్గా 6 మీటర్లు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పంపకంలో మన ఆసియా-పసిఫిక్ మండలానికి 50 నుంచి 54 మెగాహెర్ట్జ్ దాకా అమెచ్యూర్ పట్టీ. హ్యామ్‌లు దీన్ని మ్యాజిక్ బ్యాండ్ అంటారు. దీనికన్నా కింది పౌనఃపున్యాలు (షార్ట్ వేవ్) ఆకాశం నుంచి తిరిగివచ్చి దూర దేశాలకు పోతాయి. పైవి చూపు మేరకే పోతాయి. ఆరు మీటర్లు ఈ రెండింటి సరిహద్దులో ఉంది. రోజూ ఊరి రేడియోలా ఉంటుంది, ఒక్కో రోజు హఠాత్తుగా ఖండాలు దాటుతుంది.

తక్కువ శక్తి వల్ల నష్టం ఎంత?

హ్యామ్‌ల పరిభాషలో తక్కువ శక్తిని క్యూఆర్‌పీ అంటారు. మోర్స్‌లో అయితే 5 వాట్లు, మాటలో అయితే 10 వాట్ల లోపు. హాస్టల్ వరండాలోని చిన్న ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. దానిలో సగంతో ఏం మాట్లాడతాం అని మీకు అనిపించవచ్చు. లెక్క చూద్దాం.

సాధారణంగా పెద్ద సెట్టు 100 వాట్లు. మనది 5 వాట్లు. శక్తి 20 రెట్లు తగ్గింది. డెసిబెల్‌లో 10 × లాగ్ 20 = 13 డెసిబెల్‌లు. రిసీవర్ మీటరు మీద ఒక్కో అంకె 6 డెసిబెల్‌లకు సమానం. అంటే 100 వాట్లతో 9 చూపించే సంకేతం, 5 వాట్లతో సుమారు 7 చూపిస్తుంది. 20 రెట్లు తగ్గిస్తే పోయింది రెండు అంకెలు మాత్రమే!

ఇక బ్యాటరీ సంగతి. తుఫాను రోజున కరెంటు ఉండదు కదా. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ తీసుకుందాం. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. లెక్క ప్రకారమే 21 నిమిషాల్లో బ్యాటరీ అయిపోతుంది, నిజానికి అంతకన్నా ముందే. వింటున్నప్పుడు అర ఆంపియర్ తీసుకునే చిన్న సెట్టయితే లెక్కకు 14 గంటలు వినవచ్చు. మధ్యమధ్య మాట్లాడినా ఒక పగలు గడుస్తుంది. కాబట్టి ఆపదలో తక్కువ శక్తి ఒక లోటు కాదు, అదే బలం.

అల ఎంత దూరం పోతుంది?

మూడు దారులు ఉన్నాయి.

1. నేరు దారి: రేడియో దిగంతానికి సూత్రం: దూరం (కి.మీ.) = 4.12 × ఎత్తు (మీటర్లలో) వర్గమూలం. మన డాబా మీద యాంటెన్నా ఎత్తు 9 మీటర్లు అనుకుంటే 4.12 × 3 = సుమారు 12 కిలోమీటర్లు. అవతలి డాబా కూడా అంతే ఎత్తుంటే 12 + 12 = 24 కిలోమీటర్లు. నగరం నుంచి ఉక్కునగరం దాకా సరిపోయే దూరం. ఇప్పుడు ఒక మనిషి 100 మీటర్ల కొండ మీద ఉన్నాడనుకోండి. 4.12 × 10 = 41. దానికి డాబా 12 కలిపితే 53 కిలోమీటర్లు.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. 40 కిలోమీటర్లను రెండు డాబాలు దాటలేవు. మధ్యలో కొండ మీద ఒక్క మనిషి చేతి రేడియోతో కూర్చుని ఇటు మాట అటు చెబితే దాటుతుంది. అడ్డంగా కొండలుంటే దూరం తగ్గుతుంది. అయితే ఆరు మీటర్ల అల, రెండు మీటర్ల అల కన్నా కొండ అంచున కాస్త ఎక్కువగా వంగుతుంది.

2. ఈ-పొర దారి: భూమికి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున అయనావరణంలో ఈ-పొర ఉంది. అప్పుడప్పుడు అందులో దట్టమైన పలుచని మేఘం వంటిది ఏర్పడి 50 మెగాహెర్ట్జ్‌ను కిందికి తిప్పుతుంది. ఒక్క గెంతులో 2000 కిలోమీటర్ల వరకు పోవచ్చు. ఉత్తరార్ధ గోళపు సమశీతోష్ణ దేశాల్లో ఇది మే నుంచి ఆగస్టు వరకు ఎక్కువ.

3. భూమధ్యరేఖ దాటే దారి: సూర్యుడి మచ్చలు ఎక్కువగా ఉండే సంవత్సరాల్లో, మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు సాయంత్రాలు అయస్కాంత మధ్యరేఖకు ఇరుపక్కలా ఎఫ్-పొర దట్టమవుతుంది. అప్పుడు ఉత్తరం నుంచి దక్షిణానికి వేల కిలోమీటర్లు వినిపిస్తుంది. 1947లో దీన్ని మొదట గమనించినవారు 50 మెగాహెర్ట్జ్ హ్యామ్‌లే. అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కనుక, విశాఖ ఈ దారికి దగ్గర ఊరే.

ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఈ పొరల మీద పరిశోధన మన ఊళ్లోనే జరిగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్ భౌతిక శాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు అయనావరణ పరిశోధనకు పునాది వేశారు. తర్వాత ఆయన విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి ఉపాధ్యక్షులయ్యారు. అయనావరణ శాస్త్ర పత్రికల్లో 'వాల్తేరు' అనే పేరు ప్రపంచమంతా చదివింది. ఆర్.కె. బీచ్‌లో మనం పల్లీలు తింటూ చూసే ఆకాశాన్ని వాళ్లు కొలిచారు.

యాంటెన్నా మనమే చేసుకుందాం

5 వాట్లతో పనిచేసేవాడికి యాంటెన్నాయే సగం రేడియో. అన్నిటికన్నా సులభమైనది డైపోల్, అంటే రెండు చేతుల తీగ. సగం తరంగదైర్ఘ్యం 3 మీటర్లు. తీగలో 5 శాతం తగ్గించాలి. సూత్రం: 143ను మెగాహెర్ట్జ్‌లతో భాగించండి. 143 ÷ 50.2 = 2.85 మీటర్లు. ఒక్కో చేయి 1.42 మీటర్లు.

కావలసినవి: ఇంటి వైరింగుకు వాడే రాగి తీగ, పొడవాటి వెదురు కర్ర, మధ్యలో బిగించడానికి చిన్న ప్లాస్టిక్ పలక, కేబులు. 1980లలో డాబాల మీద నిలబెట్టిన పాత దూరదర్శన్ యాంటెన్నాల అల్యూమినియం గొట్టాలు పాత ఇనప సామాన్ల కొట్లో దొరికితే ఇంకా మంచిది. నాటి టెలివిజన్ మొదటి పట్టీ 47 నుంచి 68 మెగాహెర్ట్జ్. అంటే ఆ గొట్టాలు మన పట్టీకి చుట్టాలే.

చేసేటప్పుడు ఈ విషయాలు గుర్తుంచుకోండి.

• కేబులు పొట్టిగా ఉండాలి. నేను చేసిన మొదటి తప్పు ఇదే. గది మార్చడం బద్ధకమై 30 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబులు లాగాను. 50 మెగాహెర్ట్జ్ దగ్గర అంత పొడవులో సుమారు 3 డెసిబెల్‌లు పోతాయి. అంటే 5 వాట్లు పంపితే పైకి చేరేది రెండున్నరే. వచ్చే సంకేతం కూడా సగమే. వారం రోజులు ఏమీ వినపడక, రిసీవర్ పాడైందని దాన్ని తిట్టుకున్నాను. మా ల్యాబ్ సీనియర్ అన్న వచ్చి, "తప్పు డబ్బాది కాదురా, తాడుది" అన్నాడు. కేబులు 10 మీటర్లకు కత్తిరించాను. కేబుల్ టీవీ వాళ్లు వాడే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 వైరు కూడా డైపోల్‌కు బాగా పనికివస్తుంది, నష్టం ఇంకా తక్కువ.

• దిశ చూసుకోవాలి. డైపోల్ కొసల వైపు కాక, పక్కలకు ఎక్కువ పంపుతుంది. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఉంది. యాంటెన్నాను బీచ్ రోడ్డుకు సమాంతరంగా కడితే ఒక పక్క ఆగ్నేయంగా సముద్రం మీదుగా ఆస్ట్రేలియా వైపు, మరో పక్క వాయవ్యంగా ఢిల్లీ వైపు చూస్తుంది.

• ఉప్పు గాలి మనకు శత్రువు. అతుకులన్నీ సోల్డరు చేసి, టేపు చుట్టి, నీరు దిగకుండా మూయాలి. లేకపోతే ఒక్క వర్షాకాలంలో పచ్చగా చిలుము పడుతుంది.

• రొద ఎక్కువ. కరెంటు స్తంభాల పింగాణీల మీద ఉప్పు, దుమ్ము పేరుకుంటే సన్నని నిప్పురవ్వలు పుట్టి ఈ పట్టీలో 'బర్ర్' మని మోగుతాయి. తొలకరి వాన వాటిని కడిగాక తేడా మీకే తెలుస్తుంది. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు కూడా రొద చేస్తాయి. వినేటప్పుడు గదిలో ఒక్కొక్కటే ఆపి చూడండి.

• ప్రాణం అన్నిటికన్నా ముఖ్యం. కరెంటు తీగలకు దగ్గరలో యాంటెన్నా ఎత్తవద్దు. పడినా తీగకు తగలనంత దూరం ఉండాలి. ఉరుములు వినిపిస్తే కేబులు తీసి బయట పెట్టండి. వార్డెన్ గారి అనుమతి లేకుండా డాబా ఎక్కవద్దు.

ఏ వరుసలో మొదలుపెట్టాలి?

మొదటి మెట్టు – వినడం. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా తిప్పి షార్ట్ వేవ్ వినవచ్చు. హ్యామ్‌లు ఎలా పిలుస్తారు, ఎలా ముగిస్తారు అన్నది చెవికి అలవాటవుతుంది. రోజుకు పావుగంట చాలు.

రెండవ మెట్టు – పరీక్ష. లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం. పరీక్షలో రెండు భాగాలు: రేడియో సిద్ధాంతం, నియమ నిబంధనలు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు వాడుకలో ఉన్నాయి. జనరల్‌కు మోర్స్ కూడా రావాలి. ఓమ్ నియమం, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్, మాడ్యులేషన్ – ఇంటర్ ఫిజిక్స్ శ్రద్ధగా చదివినవాడికి కొత్తవి కావు. నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తు రోజున అమలులో ఉన్నవే చూసుకోవాలి.

మూడవ మెట్టు – హద్దు తెలుసుకోవడం. లైసెన్సు చేతికి వచ్చేవరకు మైకు నొక్కరాదు. వచ్చాక కూడా అందులోని పట్టికలో ఉన్న పట్టీల్లో, రాసిన శక్తి మేరకే మాట్లాడాలి. 50 మెగాహెర్ట్జ్ మీ తరగతి పట్టికలో లేకపోతే అక్కడ వినడమే. ఇది పోర్టు, నౌకాదళం, విమానాశ్రయం ఉన్న ఊరు. మన తప్పు మరొకరి ప్రాణం మీదకు రావచ్చు. వ్యాపార సందేశాలు, పాటలు, రహస్య సంకేతాలు హ్యామ్‌లకు నిషిద్ధం.

నాలుగవ మెట్టు – ఆరు మీటర్ల మీద కాపు కాయడం. డిజిటల్ టీవీ కోసం వచ్చిన చిన్న యూఎస్‌బీ డాంగిల్‌ను కంప్యూటర్‌కు పెట్టి రిసీవర్‌గా వాడవచ్చు. మాటకు 50.110 మెగాహెర్ట్జ్ దూరపు పిలుపు స్థానం. ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ పద్ధతికి 50.313. ఎఫ్‌టీ8ను 2017లో రూపొందించిన ఇద్దరిలో ఒకరు జోసెఫ్ టేలర్. 1993లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయన. 15 సెకన్ల విడతల్లో పంపే ఈ సంకేతం, చెవికి వినిపించనంత బలహీనంగా ఉన్నా కంప్యూటర్ చదువుతుంది. అయితే సొంత మాటకు ఇందులో ఒక విడతకు 13 అక్షరాలే పడతాయి. ఆపద వార్త చెప్పాలంటే గొంతు గాని, మోర్స్ గాని రావలసిందే.

నేను ఇంకా రెండో మెట్టు మీదే ఉన్నాను, పరీక్షకు చదువుతున్నాను. కాని చెవి నాలుగో మెట్టు ఎక్కింది. సౌర గరిష్ఠ కాలంలో, 2024 అక్టోబరులో ఒక సాయంత్రం, వెదురు కర్రకు కట్టిన నా రాగి తీగ నుంచి తెర మీద వీకే6 అని మొదలయ్యే కాల్‌సైన్ పడింది. పశ్చిమ ఆస్ట్రేలియా! పది నిమిషాలు ఉండి మాయమైంది. ఆ ముందు పద్దెనిమిది సాయంత్రాలు ఏమీ రాలేదు. ఈ పట్టీలో ఓపికే అసలు పరికరం.

ఒక విన్నపం

ఇది డబ్బున్నవాళ్ల అభిరుచి అని నేనూ అనుకునేవాణ్ణి. ఖరీదైన సెట్లు ఉన్న మాట నిజమే. కాని పైన రాసినదంతా మళ్లీ చూడండి. వర్గమూలం, లాగరిథమ్, రాగి తీగ, వెదురు కర్ర, ఓపిక – వీటిలో మన హాస్టల్లో లేనిది ఏది?

మన పూర్వ విద్యార్థులు స్టీల్‌ప్లాంట్‌లో, పోర్టులో, మండల కేంద్రాల పాఠశాలల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. హాస్టల్లో ఒకరు, గాజువాక వైపు ఒకరు, అచ్యుతాపురం వైపు ఒకరు, కొండ మీదకు వెళ్లగల ఒకరు – నలుగురు లైసెన్సు తీసుకుంటే చాలు. మళ్లీ తుఫాను వచ్చి టవర్లు పడిపోయినా, ఏడో తరగతి పిల్లవాడికి అమ్మ క్షేమ సమాచారం సాయంత్రానికల్లా అందుతుంది. తుఫానులు మన తీరానికి రాక మానవు. అప్పటికి మనం సిద్ధంగా ఉండటం మాత్రం మన చేతుల్లో ఉంది. పరీక్షకు కలిసి చదవాలనుకునే తమ్ముళ్లు వార్షికోత్సవం మర్నాడు స్టడీ హాల్లో నన్ను కలవండి.

మీరే చేసి చూడండి

1. 144 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ మొత్తం పొడవు ఎంత?
2. 16 మీటర్ల ఎత్తు భవనం నుంచి రేడియో దిగంతం ఎంత దూరం?
3. శక్తిని 10 వాట్ల నుంచి 5 వాట్లకు తగ్గిస్తే మీటరు మీద ఎంత తగ్గుతుంది?

జవాబులు: 1) సుమారు 0.99 మీటరు. 2) సుమారు 16.5 కిలోమీటర్లు. 3) 3 డెసిబెల్‌లు, అంటే అర అంకె.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతిక శాస్త్రం), విశాఖపట్నం